రచ్చ గెలిచిన బలరాం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచి వచ్చినవాణ్ణి ఇంటివాళ్ళు గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఏ సామెతలోనూ చెప్పలేదు. తులసీదాస్ బలరాం సంగతి సరిగ్గా అటువంటిదే.

మా చోడవరం ప్రాంతంలో ఆట అంటే మొన్న మొన్నటిదాకా చెడుగుడు. చెరకు నరికిన చేలో గీత గీసుకుని, ఊపిరి బిగపట్టి కూతకు వెళ్ళిన కుర్రాడు నలుగురిని తాకి తిరిగి వస్తే ఆ పూటకి వాడే మహారాజు. ఇప్పుడు అందరికీ క్రికెట్టే. నా తరగతిలో పిల్లలను ముగ్గురు ఫుట్‌బాలు ఆటగాళ్ళ పేర్లు చెప్పమంటే మెస్సీ, రొనాల్డో, నెమార్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. నాలుగో పేరుగా బలరాం అని నేనంటే, పురాణంలో నాగలి పట్టినాయన అనుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. ఈ బలరాం గురించి వాళ్ళకు చెప్పినవాళ్ళెవరు?

ఫార్వర్డు అంటే ఎవరు?

బంతాటల్లో 'ఫార్వర్డు' అంటే ముందువరస మనిషి. రగ్బీలో ఈ ముందువరసవాళ్ళు ఎనమండుగురు భుజాలు భుజాలు కలిపి, పొట్టేళ్ళ మాదిరిగా అవతలివాళ్ళను ఢీకొని నెడతారు. ఫుట్‌బాలులో ముందువరసవాడికి కండ కన్నా కన్ను ముఖ్యం. పదిమంది పడిన శ్రమను చివరికి గోలుగా మార్చవలసినవాడు అతడే. మార్చితే చప్పట్లు, మార్చకపోతే తిట్లు.

రగ్బీ మనకు బొత్తిగా సంబంధం లేని ఆట అనుకోకండి. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో తెల్లవాళ్ళు ఆ ఆట ఆడారు. మరుసటి ఏడు క్లబ్బు కూడా పెట్టారు. 1878 లో క్లబ్బు మూతపడ్డప్పుడు బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించారు. మూడు నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు బొమ్మ. ఇంగ్లండు, స్కాట్లండు దేశాలు ఈనాటికీ ఆ 'కలకత్తా కప్పు' కోసమే తలపడుతుంటాయి. రగ్బీ కలకత్తాలో అంతగా నిలదొక్కుకోకపోయినా, కాలితో తన్నే బంతి మాత్రం అక్కడ పాతుకుపోయింది. మన బలరాం పేరు మోగింది ఆ ఊళ్ళోనే.

అమ్ముగూడ కుర్రవాడు

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ అనే పల్లెలో, 1936 లో, ఒక బీద తమిళ కుటుంబంలో బలరాం పుట్టాడు. ఆ చుట్టుపట్ల అంతా కంటోన్మెంటు. సైనికులు సాయంత్రాలు బంతాడుతుంటే పిల్లలు గట్టుమీద కూర్చుని చూసేవారు. చూసి చూసి తామూ ఆడేవారు.

ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాలుకు పెట్టని కోట. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్సు కప్పు ఎగరేసుకుపోయింది. ఆ జట్టును తయారుచేసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత బడిపంతులు. ఆటగాళ్ళకు ఆయన రహీం సాహెబు. మంచి పంతులు పిల్లవాడి చేత ముందు రానిదాన్నే దిద్దిస్తాడు కదా! రహీం సాహెబు పద్ధతీ అంతే. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని ఒక పోటీ పెట్టేవారు. బంతిని ఎవరూ తనదగ్గర అట్టే పెట్టుకోకూడదు, వెంటనే అందించెయ్యాలి అని ఇంకొక పోటీ.

ఆ పంతులుగారి కంట్లో బలరాం పడ్డాడు. ఆర్మీ కంబాట్ ఫోర్సు, రైడర్సు క్లబ్బు వంటి చిన్న జట్లలో ఆడుతున్న కుర్రవాడు హైదరాబాదు రాష్ట్ర జట్టులోకి వచ్చాడు. 1956-57 లో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చింది. మళ్ళీ ఏడు కూడా హైదరాబాదుదే. ఆపై సంవత్సరం బలరాం బెంగాలు పక్షాన ఆడితే ట్రోఫీ బెంగాలుకు వెళ్ళింది! అతడి వెంట విజయలక్ష్మి నడిచిందని అప్పటివాళ్ళు అనుకుంటే అందులో వింత లేదు.

మెల్బోర్న్ నుంచి రోము దాకా

1948 లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయిన తరువాత గాని మన సంఘానికి బూట్ల మీద బుద్ధి పుట్టలేదు. అటువంటి దేశం నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్బోర్న్‌లో, ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4-2 తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటి గురువు రహీం సాహెబే. ఆ జట్టులో ఇరవై ఏళ్ళ బలరాం ఉన్నాడు.

బలరాం ఆట చూడాలంటే మాత్రం 1960 రోము ఒలింపిక్సుకు వెళ్ళాలి. మన గుంపులో హంగరీ, ఫ్రాన్సు, పెరూ. మూడూ గట్టి పిండాలే. అందులో హంగరీ పేరు వింటేనే ఐరోపా వణికే కాలమది. ఆ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. తరువాత 1967 లో ఐరోపా మొత్తానికి మేటి ఆటగాడుగా ఎన్నికైనవాడు. ఆగస్టు 26 న జరిగిన ఆటలో హంగరీ రెండు గోళ్ళు చేసింది. ఇక అయిపోయిందనుకున్న సమయంలో, ఆఖరి పదిహేను నిమిషాల్లో, బలరాం ఒక గోలు చేశాడు. ఆట 2-1 తో ముగిసింది. ఓటమే, కాని తలదించుకోవలసిన ఓటమి కాదు.

తరువాత ఫ్రాన్సుతో పి.కె. బెనర్జీ గోలు చేసి గెలుపు దాకా తీసుకువెళ్ళాడు. చివరిలో ఫ్రాన్సువారు సమం చేశారు. పెరూ చేతిలో 3-1 తో ఓడినప్పుడు ఆ ఒక్క గోలూ మళ్ళీ బలరాందే. లెక్క చూసుకోండి: రోములో భారతదేశం చేసినవి మొత్తం మూడు గోళ్ళు. అందులో రెండు అమ్ముగూడ కుర్రవాడివి. అటు తరువాత ఈనాటి వరకు మన పురుషుల ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సు గడప తొక్కలేదు.

జకార్తా బంగారం

1962 లో ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెలు, తైవాను దేశాలను ఇండోనేషియా రానివ్వలేదు. ఇది న్యాయం కాదన్నవాడు మన దేశస్థుడైన జి.డి. సోంధీ. దానితో అక్కడి జనానికి భారతీయులంటే మంట పుట్టింది. మన రాయబార కార్యాలయం మీదికి గుంపులు దండెత్తాయి. మనవాళ్ళు మైదానంలో అడుగుపెడితే చాలు, లక్షమంది ఒక్క గొంతుతో ఈలలు, కేకలు!

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0 తో ఓడించింది. తరువాత థాయిలాండు మీద 4-1 గెలుపులో ఒక గోలు బలరాంది. జపాను మీద 2-0 గెలుపులో ఒకటి పి.కె.ది, ఒకటి బలరాంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2 తో దాటి, సెప్టెంబరు 4 న మళ్ళీ ఆ కొరియాతోనే ఫైనలు. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగును రహీం సాహెబు వెనుక వరసనుంచి తీసి ముందు వరసలో నిలబెట్టారు. పి.కె. ఒకటి, జర్నైలు ఒకటి, ఇరవై నిమిషాల్లో రెండు గోళ్ళు! చివరికి 2-1. బంగారు పతకం మనది. కెప్టెను చునీ గోస్వామి. ఎడమ అంచున బలరాం. గోలు దగ్గర తంగరాజు, ముందు వరసలో యూసుఫ్ ఖాను, వీళ్ళిద్దరూ హైదరాబాదువాళ్ళే.

అప్పటికే రహీం సాహెబును క్యాన్సరు తినేస్తున్నది. 1963 జూనులో ఆయన కన్నుమూశారు. 1951 లో ఢిల్లీలో ఒకటి, 1962 లో జకార్తాలో ఒకటి, ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు వచ్చిన బంగారు పతకాలు ఈ రెండే.

కలకత్తాలో వెలుగు, నీడ

1957 లో బలరాం కలకత్తా ఈస్టు బెంగాలు క్లబ్బుకు వెళ్ళాడు. అక్కడ ఆ క్లబ్బుకూ, మోహన్ బగానుకూ మధ్య ఆట అంటే ఊరు రెండుగా చీలి కూర్చుంటుంది. అటువంటి చోట పరాయి ఊరివాడు నిలదొక్కుకోవడం మాటలు కాదు. బలరాం నిలదొక్కుకోవడమే కాదు, 1961 లో కెప్టెనై క్లబ్బుకు లీగు గెలిపించాడు. ఆ ఏడు లీగులో అందరికన్నా ఎక్కువ గోళ్ళు అతడివే. చునీ, పి.కె., బలరాం అని జనం ముగ్గురి పేర్లూ కలిపి త్రిమూర్తులన్నారు. 1962 లో అర్జున బహుమతి వచ్చింది.

1963 లో బి.ఎన్.ఆర్. జట్టులో చేరాడు. ఈ పేరు మన విశాఖ జిల్లా పెద్దలకు కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే! వాల్తేరు దాకా రైళ్ళు నడిపి, మనవాళ్ళను ఖరగ్‌పూర్ ఉద్యోగాలకు మోసుకుపోయిన రైలు కంపెనీ అదే. 1955 లో ఆ రైల్వే ఆగ్నేయ రైల్వేగా మారినా, ఆటల జట్టు పాత పేరు వదులుకోలేదు.

అంతలోనే పిడుగు పడింది. ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చింది, ప్లూరసీ అంటారు. దమ్ము చాలక ఆట మానవలసి వచ్చింది. అప్పటికి బలరాం వయస్సు ఇరవై ఏడు. చెడుగుడు కుర్రవాడికి కూత ఎంతో, ఫార్వర్డుకు ఊపిరి అంత. అది పోయిన తరువాత కాలిలో ఎంత విద్య ఉండి ఏం లాభం? ఇరవై ఏడేళ్ళకు మా కాలేజీ కుర్రాళ్ళలో చాలామందికి ఉద్యోగమే మొదలుకాదు. అతడికి జీవితంలోని ముఖ్యమైన అధ్యాయం అప్పటికే ముగిసిపోయింది.

ఏది న్యాయం?

తరువాతి కాలంలో చునీ గోస్వామికి 1983 లోనూ, పి.కె. బెనర్జీకి 1990 లోనూ పద్మశ్రీలు వచ్చాయి. మూడో మూర్తికి రాలేదు. బలరాం పెళ్ళి చేసుకోలేదు. కలకత్తా అవతల ఉత్తరపారాలో, గంగ ఒడ్డున, ఒంటరిగా కాలం గడిపాడు. తనకు జరిగిన అన్యాయం గురించి పత్రికలవారితో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. 2020 లో నెలన్నర వ్యవధిలో పి.కె., చునీ ఇద్దరూ వెళ్ళిపోయారు. 2023 ఫిబ్రవరి 16 న బలరాం కూడా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు రహీం సాహెబు కథతో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. అందులో బలరాం కూడా ఒక పాత్ర. చూడడానికి మాత్రం అతడు లేడు.

ఒక బిరుదు వస్తే గోళ్ళు పెరగవు, రాకపోతే తరగవు అని కొందరంటారు. నిజమే. కాని బిరుదు ఆటగాడి కోసం మాత్రమే కాదు, తరువాత వచ్చే పిల్లల కోసం కూడా. ఒక పేరు పాఠంలోకి, వీధిలోకి, మైదానం గేటు మీదికి ఎక్కితే, దాన్ని చూసి అడిగే పిల్లవాడు ఒక్కడైనా ఉంటాడు. ఎవరీ బలరాం? ఎక్కడివాడు? ఏం చేశాడు? అడిగినవాడు ఆడతాడు. అడగడానికి పేరే లేనిచోట ఆట కూడా మెల్లగా మాయమవుతుంది. ఒకనాడు ఒలింపిక్సుకు మనుషులను పంపిన హైదరాబాదు ఫుట్‌బాలు వైభవం ఈనాడు తాతలు చెప్పే కథ కావడానికి ఇదీ ఒక కారణమే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనవాళ్ళు ఏ ముహూర్తాన పుట్టించారో గాని, దాన్ని నిజం చెయ్యడానికి మాత్రం ఎప్పుడూ వెనుకాడలేదు. ఢిల్లీ ఇవ్వనిది మనం ఇవ్వలేము. మన ఊరి బడిలో ఏటా జరిగే బంతాట పోటీకి అతడి పేరు పెట్టుకోవడానికి మాత్రం ఎవరి ఉత్తర్వులూ అక్కరలేదు.