సంపూర్ణమైన నాణెముల సేకరణ సాధ్యమేనా?

పాత నాణెములు కూడబెట్టే అలవాటు చాలమందికి బడి చదువుల నాడే మొదలౌతుంది. చిల్లుకాణి, బేడ, అర్ధణా వంటివి ఒక డబ్బీలో చేరుతవి. కొంతకాలానికి ఏ సంవత్సరపు నాణెము తన వద్ద ఉన్నది, ఏది లేదు అనే లెక్క పుడుతుంది. లేనివాటిలో కొన్ని ఎంత వెదికినా దొరకవు. దొరికినా వాటి ధర అందుబాటులో ఉండదు. “డబ్బుంటే అన్నీ కొనివేయవచ్చును” అని అప్పుడు ప్రతి సేకరణకర్తా అనుకొంటాడు.

సరే, డబ్బుకు లోటు లేదనే అనుకొందాము. ఒక దేశము ముద్రించిన నాణెములలో ప్రతి విలువకు, ప్రతి సంవత్సరానికి, ప్రతి టంకశాలకు ఒక్కొక్క నాణెము చొప్పున తెచ్చి ఒకచోట చేర్చడము సాధ్యమా? ఈ ప్రశ్నను ఊహతో సరిపెట్టుకోక, పాతికేళ్ళు దీనిమీద వెచ్చించి చూచిన వ్యక్తి ఒకరు ఉన్నారు. ఆయన అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి లూయీ ఎలియాస్‌బర్గు.

ఎలియాస్‌బర్గు 1896లో జన్మించినాడు. అప్పులిచ్చే వ్యాపారములో సంపన్నుడై, 1925లో నాణెముల సేకరణ ప్రారంభించినాడు. 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు ప్రజలు తమవద్ద ఉన్న బంగారాన్ని ప్రభుత్వానికి అప్పగించవలెనని ఉత్తరువు చేసినప్పుడు, సేకరణకర్తల వద్దనున్న అరుదైన నాణెములకు మాత్రము మినహాయింపు లభించినది. బంగారు నాణెములవైపు ఎలియాస్‌బర్గు దృష్టి మరలడానికి అదొక కారణము. 1942లో క్లాప్ అనే పేరుగల కుటుంబము రెండు తరములుగా కూర్చిన సేకరణను ఆయన ఒకేసారి లక్ష డాలర్లకు కొన్నాడు. అయినా ఖాళీలు మిగిలినవి. వాటిని ఒక్కొక్కటే పూరించుకొంటూ వచ్చి, 1950 నవంబరు 7వ తేదీన చివరి ఖాళీని పూరించినాడు. అంతకు ముందుగాని తరువాతగాని అమెరికా నాణెముల విషయములో అంతటి సేకరణను మరెవరూ పూర్తిచేసినట్లు చెప్పుకొనరు.

ఆ చివరి నాణెము పెద్ద బంగారు నాణెమేమీ కాదు. 1873లో నెవడా రాష్ట్రములోని కార్సన్ సిటీ టంకశాలలో ముద్రించిన ఒక డైము. డైము అంటే పది సెంట్ల చిన్న వెండి నాణెము. అది అంత అరుదైనది ఎందుకైనదో తెలుసుకొనుటకు తూనికల సంగతి కొంచెము చూడవలె.

1873 ఫిబ్రవరి 12వ తేదీవరకు అమెరికా చట్టము ప్రకారము డైము బరువు 38.4 గ్రెయినులు, అనగా 2.488 గ్రాములు. ఆనాడు వచ్చిన కొత్త చట్టము చిన్న వెండి నాణెముల బరువును మెట్రిక్ కొలతలలోకి మార్చినది. అర్ధ డాలరు 12.5 గ్రాములు, పావు డాలరు 6.25 గ్రాములు, డైము సరిగ్గా 2.5 గ్రాములు అయినవి. రెండు అర్ధ డాలర్లు కలిపితే 25 గ్రాములు. ఆనాటి ఫ్రాన్సు దేశపు అయిదు ఫ్రాంకుల వెండి నాణెము బరువు కూడ అంతే. దేశదేశాల నాణెములకు ఒకే తూనిక ఉండవలెనని శాస్త్రజ్ఞులు, వర్తకులు కోరుతుండిన రోజులవి.

ఈ మార్పువల్ల డైముకు పెరిగిన బరువు 0.012 గ్రాము. ఇంత స్వల్పమైన తేడాను చేతితో పట్టి చూచి చెప్పలేము. చేతులు మారి అరిగిన నాణెమైతే త్రాసు కూడ పాతదో కొత్తదో నిర్ణయించలేదు. అందువల్ల కొత్త బరువు నాణెములపై సంవత్సరపు అంకెలకు ఇరుప్రక్కల చిన్న బాణపు ములుకులు వేసినారు. బాణములు లేని పాత బరువు డైములు అప్పటికే కార్సన్ సిటీలో 12,400 తయారై ఉన్నవి. వాటిని దాదాపు అన్నిటినీ మూసలో వేసి కరిగించినారు. ఆ 12,400 నాణెములలో లోటుగా ఉన్న లోహమునంతా పోగుచేస్తే 150 గ్రాములైనా కాదు, తులముల లెక్కలో పదమూడు తులములకు లోపు! పరీక్షకోసము టంకశాలనుండి బయటకు పంపిన కొద్ది నాణెములలో ఒకటి ఈ విధముగా బ్రతికి బయటపడి ఉండవచ్చునని నిపుణుల ఊహ. నేటికి తెలిసినది ఆ ఒక్కటే. అది 2012లో 18 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయినది.

కరిగించడానికి ప్రభుత్వపు ఉత్తరువే అవసరము లేదు. లాభము కనబడితే ప్రజలే ఆ పని చేస్తారు. 1822లో ముద్రించిన అయిదు డాలర్ల బంగారు నాణెముల సంఖ్య 17,796. నేడు తెలిసినవి మూడు మాత్రమే. అప్పటి అమెరికా చట్టములో బంగారము విలువ వెండికి 15 రెట్లు. ఐరోపాలో సుమారు పదిహేనున్నర రెట్లు. అమెరికాలో 15 ఔన్సుల వెండి ఇచ్చి ఒక ఔన్సు బంగారము నాణెముల రూపములో తీసుకొని, ఓడమీద ఐరోపాకు చేరవేసి కరిగించితే, దానికి పదిహేనున్నర ఔన్సుల వెండి వస్తుంది. ఖర్చులు పోను మిగిలినదంతా లాభము. పిల్లలు కూడ చేయగల ఈ లెక్క వర్తకులకు తెలియకుండా ఉంటుందా? 1834లో నాణెములలోని బంగారమును తగ్గించేవరకు ఈ ప్రవాహము ఆగలేదు. మిగిలిన మూడింటిలో రెండు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నవి. అవి అమ్మకానికి రావు. మూడవది ఎలియాస్‌బర్గుకు దక్కినది. 2021లో దానికి 84 లక్షల డాలర్లు పలికినది. ఈ ఒక్క నాణెము ఒకరి చేతిలో ఉన్నంతకాలము, మరొకరి వద్ద ఎంత ధనమున్నా ఆయన సేకరణలో ఆ గడి ఖాళీగానే ఉండవలె.

ధర పెరిగిన కొలదీ నకిలీల బెడద కూడ పెరుగుతుంది. ఇక్కడ విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుకొనే ఆర్కిమెడీసు సూత్రము నేరుగా పనికివస్తుంది. అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెమును తీసుకొందాము. దాని బరువు 33.436 గ్రాములు, అనగా మూడు తులములకు కొంచెము తక్కువ. అందులో నూటికి 90 పాళ్ళు బంగారము, మిగిలినది రాగి. ఈ మిశ్రలోహపు సాంద్రత సుమారు 17.2. కాబట్టి దారముతో వ్రేలాడదీసి నీటిలో ముంచి తూచినప్పుడు బరువు 1.94 గ్రాముల వరకు తగ్గవలె. సీసానికి బంగారుపూత పూసి అంతే బరువుగల నకిలీని చేస్తే, సీసపు సాంద్రత 11.3 మాత్రమే కనుక, తగ్గుదల దాదాపు 3 గ్రాములకు చేరుతుంది. అసలు నాణెమునకు గీత కూడ పడకుండా ఈ పరీక్ష చేయవచ్చుననేది దీనిలోని సుగుణము.

అయితే లోహము అసలైనదే అయి, అంకె మాత్రము మార్చినదైతే? అప్పుడు త్రాసు ఏమీ చెప్పలేదు. 1913వ సంవత్సరపు అంకె గల లిబర్టీ నికెలు కథ ఇటువంటిదే. ఇది అయిదు సెంట్ల నాణెము. మూడు వంతుల రాగి, ఒక వంతు నికెలు. ఆ యేడు ఫిలడెల్ఫియా టంకశాల కొత్త నమూనాకు మారినది. పాత లిబర్టీ నమూనాపై 1913 అంకెతో నాణెములు వేసినట్లు అధికార పత్రములలో ఎక్కడా లేదు. అయినా అయిదు ఉన్నవి. బహుశా టంకశాలలోనివారే ఎవరో గుట్టుగా ముద్రించినారు. వాటిలో ఒక నాణెపు యజమాని 1962లో కారు ప్రమాదములో మరణించినాడు. అది ఆయన వెంటనే ఉన్నది. తరువాత పరీక్షించినవారు దానిని అంకె దిద్దిన నకిలీగా భావించి వారసులకు తిరిగి ఇచ్చివేసినారు. నాలుగు దశాబ్దములు అది ఆ ఇంటి అలమరలో పడియున్నది. 2003లో బాల్టిమోరులో మిగిలిన నాలుగు నాణెములను ప్రదర్శనకు తెచ్చినప్పుడు, దీనిని వాటి ప్రక్కన ఉంచి నిపుణులు భూతద్దములతో పోల్చి చూచినారు. నాణెమును ముద్రించే ఉక్కు అచ్చుమీద ఉండే సన్నని గీతలు, లోపములు ఆ అచ్చునుండి వచ్చిన ప్రతి నాణెము మీదికి దిగుతవి. అంకె దిద్దేవాడు అంకెను అనుకరించగలడు కాని కంటికి ఆనని ఆ గుర్తులనన్నిటినీ తేలేడు. అయిదు నాణెములూ ఒకే అచ్చు బిడ్డలని తేలినది. నకిలీ అనిపించుకొన్న ఆ నాణెము 2013లో 31 లక్షల డాలర్లకు పైగా పలికినది.

గీతల మాట వచ్చినది కనుక, శుభ్రము చేసే విషయము కూడ చెప్పవలె. మన ఇళ్ళలో రాగి చెంబులను చింతపండుతో తోమినట్లు పాత నాణెములను కూడ తోమేవారున్నారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము చిలుమును కరిగిస్తుంది. తోముడు లోహపు పైపొరను కూడ కొంత తీసుకొనిపోతుంది. వెండి నాణెము మీది నల్లదనము గాలిలోని గంధకపు సమ్మేళనములవల్ల ఏర్పడిన వెండి సల్ఫైడు. ఆ పొర బహు పలుచగా ఉన్నప్పుడు, నీటిమీద తేలే నూనెపొరవలె కాంతి వ్యతికరణముచేత నీలి, ఊదా, పసుపు వన్నెలను చూపుతుంది. తోమిన నాణెము తళతళలాడవచ్చును గాని, పోయిన ఆ పైపొరను తిరిగి తెచ్చే ఉపాయము ఏ రసాయన శాస్త్రజ్ఞుని వద్దా లేదు. అపారమైన ధనముతో కొనేవారు చెల్లించే ధరలో అధిక భాగము ఎవరూ తోమని ఆ పైపొరకే.

ఇక చట్టము అడ్డుపడే నాణెము. 1933లో ఇరవై డాలర్ల బంగారు నాణెములు 4,45,500 ముద్రించినారు. బంగారపు ఉత్తరువు కారణముగా వాటిని చెలామణిలోకి విడువలేదు. సంగ్రహాలయానికి రెండు ఉంచి, మిగిలినవాటిని 1937లో కరిగించినారు. కాని కొన్ని దొంగతనముగా బయటికి పోయినట్లు 1944లో బయటపడినది. అప్పటినుండి అవి అపహరించిన ప్రభుత్వపు సొత్తు. ఎలియాస్‌బర్గు వద్ద కూడ ఒకటి ఉండినది. సంగతి తెలియగానే తానే అప్పగించినాడు. ఈజిప్టు రాజు ఫారూక్ కొన్న నాణెము మాత్రము, విచారణ మొదలయ్యేలోగానే ఎగుమతి అనుమతి పొంది దేశము దాటిపోయినది. 1952లో ఆయన పదవి పోయినది. 1954లో కైరోలో జరిగిన వేలమునుండి అమెరికా కోరికపై దానిని తొలగించిన తరువాత అది కనబడకుండా పోయినది. ఆ నాణెముగానే భావించబడుతున్న దానిని 1996లో న్యూయార్కులో పట్టుకొన్నారు. వ్యాజ్యము రాజీతో ముగిసి, 2002లో వేలము వేసినప్పుడు దాని ముఖవిలువ ఇరవై డాలర్లను కూడ ధరకు కలిపి ప్రభుత్వము వసూలు చేసినది. అంతవరకు అది చట్టరీత్యా నాణెమే కాదు! 2021లో దానికి ఒక కోటీ 88 లక్షల డాలర్లకు పైగా వచ్చినది. ఒక కుటుంబము వద్ద బయటపడిన మరి పదింటికోసము నడిచిన దావాలో 2016లో ప్రభుత్వమే గెలిచినది. ప్రైవేటు వ్యక్తి చట్టబద్ధముగా ఉంచుకొనదగినది ఆ ఒక్కటే.

చట్టరీత్యా ఎన్నడూ విడుదల కాలేదు కనుక, ఈ నాణెము లేనంతమాత్రాన ఎలియాస్‌బర్గు సేకరణకు లోటు లేదని అందరూ ఒప్పుకొన్నారు. 1976లో ఆయన మరణించేవరకు అది సంపూర్ణమనే పేరుతోనే ఉన్నది. ఆ పేరు టంకశాలల పాత నివేదికలమీద, అప్పటికి తెలిసిన నాణెములమీద ఆధారపడినది. 1870లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల హాఫ్‌డైములు, అనగా అయిదు సెంట్ల వెండి నాణెములు, ముద్రించినట్లు ఆ నివేదికలలో లేదు. కనుక వాటికోసము ఎవరూ వెదకలేదు. ఎలియాస్‌బర్గు పెట్టెలో వాటికి గడి కూడ లేదు. 1978లో అటువంటిది ఒకటి బయటపడినది. 1870 అంకె, వెనుకవైపు శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తు అయిన ‘ఎస్’ అక్షరము స్పష్టముగా ఉన్నవి. నిపుణులు పరీక్షించి అసలైనదేనని నిర్ణయించినారు. రెండవది ఇంతవరకు కనబడలేదు.