యతీముల సొమ్ము: సాక్ష్యం, లెక్క

అమరావతి స్తూపపు రాతిపలకల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. ఏ గృహస్థుడు, ఏ వర్తకుడు, ఏ స్త్రీ ఆ పలకను సమర్పించిందీ సుమారు రెండు వేల సంవత్సరాల తర్వాత కూడా తెలుస్తున్నది. నేడు గుంటూరు, ప్రకాశం సీమల్లోని మస్జిదులలోనూ ఫ్యాను రెక్కల మీద, చలువరాతి ఫలకాల మీద దాతల పేర్లు కనిపిస్తాయి. ఇచ్చినవారి పేరు నిలపడం పాత అలవాటే. ఇచ్చిన సొమ్ము ఏమైందన్న లెక్కకు మాత్రం గోడ మీద చోటు దొరకడం అరుదు. యతీముల కోసం నడిచే ధర్మసంస్థల విషయంలో ఈ లోటు చిన్నది కాదు. అక్కడ సొమ్ముకు అసలు హక్కుదారు లెక్క అడగలేని పసివాడు.

నమ్మకస్థునికి లెక్కెందుకు?

లెక్క ప్రస్తావన రాగానే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. "అల్లాహ్ కోసం చేస్తున్న పనికి లెక్క అడుగుతారా?" అంటారు. దివ్యఖుర్ఆన్ బోధ దీనికి భిన్నంగా ఉంది.

హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహుద్ యుద్ధంలో సుమారు 70 మంది ముస్లిములు అమరులయ్యారు. ఎందరో పిల్లలు తండ్రిలేనివారయ్యారు. యతీముల ఆస్తికి సంబంధించిన ముఖ్యమైన ఆజ్ఞలు నాలుగవ సూరా 'అన్నిసా'లో ఉన్నాయి. ఈ సూరాలో అధిక భాగం ఆ యుద్ధం తర్వాతి కాలంలో అవతరించిందని వ్యాఖ్యాతల అభిప్రాయం. ఆరవ ఆయతులో మూడు నియమాలు స్పష్టంగా ఉన్నాయి. కలిగిన సంరక్షకుడు యతీము సొమ్ము ముట్టకూడదు. పేదవాడైతే న్యాయసమ్మతమైనంత మేరకే తీసుకోవచ్చు. యుక్తవయస్సు వచ్చాక ఆస్తిని అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలి.

ఈ మూడవ నియమం గమనించదగినది. సాక్ష్యం దొంగ సంరక్షకునికి మాత్రమే విధించినది కాదు, నిజాయితీపరునికీ విధించినదే. సాక్ష్యం పిల్లవాని హక్కును కాపాడుతుంది, సంరక్షకుని పేరునూ కాపాడుతుంది. కనుక లెక్క అడగడం అనుమానించడం కాదు, చూపించడం అవమానమూ కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ప్రజాధనం విషయంలో తనను యతీము సంరక్షకునితో పోల్చుకున్నారు. అంతటి ఖలీఫాయే ఈ కొలతను తనకు వర్తింపజేసుకున్నప్పుడు, ఒక సంస్థ కార్యదర్శికి మినహాయింపు ఎక్కడిది? జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే ఉద్యోగి తిరిగి వచ్చి, కొంత సొమ్ము తనకు కానుకగా వచ్చిందన్నాడు. ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. పదవి వలన వచ్చే కానుక సంస్థదే గాని వ్యక్తిది కాదని దీనివలన తెలుస్తున్నది.

ఒకే పెట్టె, పలు హక్కులు

మిర్చి యార్డులో ఏ రైతు బస్తాలు ఆ రైతు పేరునే కాటా వేస్తారు. ఇద్దరి సరుకు కలిపి పట్టీ రాస్తే ఎవరూ ఒప్పుకోరు. సంస్థకు వచ్చే సొమ్మూ అటువంటిదే. జకాత్, ఉష్ర్, సాధారణ విరాళం, ఒక ఫలానా పిల్లవాని చదువు కోసం ఇచ్చిన సొమ్ము, వక్ఫ్ ఆదాయం దేని హక్కు దానిదే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం ప్రకారం భూమి పండించే మిర్చి, పత్తి వంటి వాటి మీద కూడా ఉష్ర్ ఉంది. ఖర్చుపెట్టి నీరు పెట్టిన పంటలో అది ఇరవయ్యో వంతు. 20 క్వింటాళ్ళు పండితే 1 క్వింటాలు లేదా దాని విలువ అన్నమాట. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్, ఉష్ర్ సొమ్ము అర్హుడైన పేదవానికి స్వంతంగా అందాలి. నగదు, బట్టలు, పుస్తకాలు పిల్లవానికో, అతని సంరక్షకునికో అప్పగిస్తే ఆ షరతు తీరుతుంది. భవనం కట్టడానికి, సిబ్బంది జీతాలకు ఆ సొమ్ము వాడకూడదు. వాటికి సాధారణ విరాళాలున్నాయి. ఈ విషయంలో మరింత వెసులుబాటు చూపిన ఆధునిక పండితులూ ఉన్నారు. సంస్థ ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తున్నదో దాతకు ముందే చెప్పడం న్యాయం. యతీము అయినంత మాత్రాన జకాత్‌కు అర్హుడు కాడనీ, నిసాబ్‌కు మించిన ఆస్తి గల యతీముకు అది చెల్లదనీ గుర్తుంచుకోవాలి.

దేశ చట్టం

లెక్క కోరే చట్టాలు కొత్తవి కావు. ముతవల్లీలు లెక్కలు దాఖలు చేయాలని 1923 నాటి ముసల్మాన్ వక్ఫ్ చట్టమే నిర్దేశించింది. 1995 వక్ఫ్ చట్టం ఆ బాధ్యతను వక్ఫ్ బోర్డు పర్యవేక్షణలో కొనసాగించింది. బోర్డుకు చెల్లించే వార్షిక వాటాను 2025 సవరణ 7 నుంచి 5 శాతానికి తగ్గించింది. పిల్లలను ఉంచి పోషించే సంస్థ, ప్రభుత్వ సహాయం పొందినా పొందకపోయినా, 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం నమోదు కావాలి. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే ధర్మసంస్థ సాధారణంగా ఆదాయంలో కనీసం 85 శాతం ధర్మకార్యానికి వినియోగించాలి.

గల్ఫ్‌లో పనిచేస్తున్న భారత పౌరుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం విదేశీ విరాళమే. దానికి ప్రత్యేక అనుమతి, ప్రత్యేక ఖాతా అవసరం. అందులో పాలనా వ్యయం 20 శాతం మించరాదని 2020 సవరణ నిర్ణయించింది. అంతకు ముందు ఈ పరిమితి 50 శాతం.

చూపవలసినది, దాచవలసినది

సంవత్సరానికొకసారి ఒక కాగితం మస్జిదు గోడ మీద అతికించవచ్చు. తొలి నిల్వ, పద్దులవారీ రాబడి, పద్దులవారీ ఖర్చు, తీర్చవలసిన అప్పు, చివరి నిల్వ, పిల్లల సంఖ్య అందులో ఉంటే చాలు. ఆడిటరు సంతకం ఉంటే మరీ మంచిది.

పిల్లల పేర్లు, ఛాయాచిత్రాలు మాత్రం ఆ గోడ మీదికి రాకూడదు. చేతిలో బియ్యం సంచి పెట్టి పిల్లవానిని నిలబెట్టి తీసిన ఫోటో లెక్కకు రుజువు కాదు. దాత ఆ ఫోటోను మరచిపోవచ్చు, పెద్దయిన పిల్లవాడు మరువడు. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 చట్టమూ నిషేధించింది. దాపరికం పిల్లవాని మర్యాదకు కావాలి, బాహాటం సంస్థ లెక్కకు కావాలి. చాలాచోట్ల ఇది తలక్రిందులుగా జరుగుతున్నది.

దైవప్రవక్త (స) స్వయంగా యతీముగా పెరిగారు. యతీమును పోషించేవాడు స్వర్గంలో తన చెంతనే ఉంటాడని రెండు వ్రేళ్ళు చూపి శుభవార్త ఇచ్చారు. ఆ సాన్నిహిత్యం కోరేవారు పరలోకంలో ఇవ్వవలసిన లెక్కను ఇహలోకంలోనే సిద్ధం చేసుకోవడం శ్రేయస్కరం.