చిక్కుడు పూతకైనా, కంది కాపుకైనా రాత్రి చీకటే కీలకం

"పాదు పందిరంతా అల్లుకుంది. ఒక్క పూత పడలేదు. గొడ్డుపోయిందేమో, పీకేద్దామా?"

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో చిక్కుడు పాదు గురించి తరచూ వినపడే మాటే ఇది. తొందరపడి పీకకండి. పాదుకు జబ్బేమీ లేదు. దానికింకా రాత్రులు చాలలేదు, అంతే.

మన ప్రాంతంలో జూన్ మూడో వారంలో పగలు సుమారు 13 గంటలుంటుంది. డిసెంబరు మూడో వారానికి 11 గంటల పావుకు దిగుతుంది. రెండు గంటల లోపు తేడా మనకు పెద్దగా తెలియదు గానీ, చిక్కుడు ఆకు పసిగడుతుంది. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. చీకటి ఎంతసేపు ఉందో మొక్కకు తెలిసేది దాని వల్లే. రాత్రి తగినంత పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. అందుకే నాటు తీగ చిక్కుడును జూన్‌లో పెట్టినా, జులైలో పెట్టినా పూత పడేది చలి మొదలయ్యే రోజుల్లోనే. రథసప్తమికి రథం చేయడానికి కాయలు దొరికేదీ అందుకే. అదే గింజను ఫిబ్రవరిలో పెట్టి చూడండి, వేసవంతా తీగ సాగుతుందే తప్ప కూరకు గుప్పెడు కాయలు రావు.

ఈ సంగతి మొదట బయటపడింది మనకు బాగా తెలిసిన పొగాకులోనే. అమెరికాలో మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఆకు మీద ఆకు వేస్తూ పోయేది, వేసవిలో పూసేది కాదు. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ మొక్కల్ని రోజూ పొద్దు ఉండగానే చీకటి గదిలోకి చేర్చారు. వేసవిలోనే పూశాయి. 1920లో వారు ఈ ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత తేలిన విషయం ఇంకా ముఖ్యం: ఇలాంటి మొక్కలకు నడిరాత్రి కాసేపు దీపం చూపినా లెక్క తప్పుతుంది.

కాబట్టి మీ పందిరి మీద వీధి దీపం వెలుగు పడుతున్నదేమో చూడండి. గోడ చాటున ఉన్న తీగ పూసి, దీపం వైపు తీగ పచ్చగా నవనవలాడుతూ ఉట్టిగా ఉంటే అనుమానం అక్కరలేదు. వెన్నెలతో భయం లేదు. దీపం వైపు తడిక గానీ, గోనెపట్టా గానీ అడ్డం కట్టండి. వచ్చే ఏడు పాదు స్థలం మార్చండి. అలాగని చీకటి కోసం వేపచెట్టు కింద పెడితే మోసపోతారు. పగలు నిండా ఎండ, రాత్రి నిండా చీకటి, రెండూ కావాలి. ఎండ మొక్కకు తిండి, చీకటి దానికి గడియారం. ఇక యూరియా ఎక్కువైనా తీగే పెరుగుతుంది, అది వేరే తప్పు. ఏ కాలంలోనైనా కాయలు కావాలంటే బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి రకాలు పెట్టుకోండి. వాటికి రాత్రి పొడుగుతో పని లేదు.

పెరటి చిక్కుడు కాయకపోతే ఒక కూర పోతుంది. కంది విషయంలో అయితే ఏడాది కష్టమే పోతుంది. మనం వేసే దీర్ఘకాలిక కంది రకాలదీ ఇదే స్వభావం. మృగశిరలో వేసిన చేనుకు ఎదగడానికి నాలుగైదు నెలలుంటాయి, కొమ్మలు బాగా వేస్తుంది. పడమటి మండలాల్లో వాన మొహం చాటేసి ఉత్తర కార్తెకు గానీ పదును దొరకని ఏళ్ళుంటాయి. అప్పుడు వేసిన కంది కూడా రాత్రులు పెరిగేసరికి పూతకు వచ్చేస్తుంది. మూడు నెలలు ఆలస్యంగా వేశాం గదా, మూడు నెలలు ఆలస్యంగా పూస్తుందిలే అనుకోకండి. ఎదిగే వ్యవధి లేక చెట్టు పొట్టిగా, కొమ్మలు తక్కువగా ఉండిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తొలకరిలో సాళ్ళ మధ్య 90 సెంటీమీటర్లు వదిలిన గొర్రుతోనే సెప్టెంబరులోనూ విత్తుతారు. పొట్టి చెట్లు ఆ ఖాళీని కమ్ముకోలేవు, సగం నేల ఊరికే పోతుంది. ఆలస్యమైతే సాళ్ళ మధ్య 45 నుంచి 60, మొక్కల మధ్య 10 నుంచి 20 సెంటీమీటర్లకు దగ్గర చేయండి. తొలకరిలో ఎకరాకు రెండు మూడు కిలోల విత్తనం సరిపోతే, ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది కిలోలు పడుతుంది. విత్తనం ఖర్చుకు వెనుకాడకండి. చెట్టుకు తగ్గిన కాయల్ని చెట్ల సంఖ్యతోనే రాబట్టుకోవాలి. గుంటూరు లాం ఫారం నుంచి వచ్చిన ఎల్.ఆర్.జి. 41 రకం తొలకరికీ, రబీకీ పనికొస్తుంది. అక్టోబరు 15 దాటితే మాత్రం ఎంత ఒత్తుగా వేసినా చెట్టు ఎదగదు. ఆ చేనులో శనగ వేసుకునే వీలుంటే అదే చూసుకోండి.