సముద్రానికి గట్టు ఎక్కడ?

పల్లెసీమలతో పరిచయమున్నవారికి గట్టు తగాదా కొత్తది కాదు. పెద్ద కమతం గల ఆసామి ఏటా దుక్కి దున్నేటప్పుడు జానెడు చొప్పున గట్టును చెక్కుకుంటూ పోతాడు. పక్కనున్న చిన్న రైతు ఒక ఏడు ఊరుకుంటాడు, మరుసటి ఏడు నలుగురిలో చెప్పుకుంటాడు, మూడో ఏడు దస్తావేజులు పట్టుకుని కోర్టు మెట్లెక్కుతాడు. తీర్పు తనకు అనుకూలంగా వచ్చినా గట్టు వెనక్కి జరుగుతుందన్న భరోసా అతనికి లేదు. నేలమీదనే ఇంత చిక్కు ఉన్నప్పుడు, సర్వే రాయి పాతడానికి వీలులేని సముద్రం సంగతి చెప్పేదేముంది? అటువంటి తగాదాలో చిక్కుకున్న ఫిలిప్పీన్స్ దేశపు కథను, ఆ దేశం వైపు నిలబడి చూడటమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ఏడు వేలకు పైగా దీవులతో కూడిన ఫిలిప్పీన్స్ జనసంఖ్యలో చిన్నదేమీ కాదు. పదకోట్లకు మించిన జనం అక్కడ ఉన్నారు. అయితే దేశాల చిన్నాపెద్దా పక్కన ఎవరున్నారన్నదానిని బట్టి తేలుతుంది. నౌకాబలంలో చైనా ముందు ఫిలిప్పీన్స్ చిన్న రైతే.

దస్తావేజు ఏమంటోంది?

1982లో రూపొంది 1994లో అమలులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం ప్రకారం, తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలం. ఆ మండలంలోని చేపల మీద, అడుగున ఉన్న చమురు, సహజవాయువుల మీద హక్కు తీరదేశానిదే. చైనా కూడా ఈ ఒప్పందాన్ని ఆమోదించిన దేశమే. అయినా దక్షిణ చైనా సముద్రంలో అత్యధిక భాగాన్ని చుట్టివచ్చే తొమ్మిది గీతల పటాన్ని చూపి, అక్కడ తనకు చారిత్రక హక్కులున్నాయని వాదిస్తోంది. ఆ గీతలు వియత్నాం, మలేషియా, బ్రూనైల జలాలను కూడా తాకుతాయి.

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి పడమరగా సుమారు 220 కిలోమీటర్ల దూరంలో స్కార్‌బరో అనే పగడపు దిబ్బ ఉంది. చుట్టూ మత్స్యసంపద. తుపాను వస్తే పడవలు తలదాచుకోవడానికి లోపల ప్రశాంతమైన మడుగు. లూజాన్ పడమటి తీరంలోని మసిన్‌లోక్ జాలర్లకు అది తరతరాల వేటస్థలం. 2012 ఏప్రిల్‌లో అక్కడ రెండు దేశాల నౌకలు ఎదురెదురుగా నిలిచాయి. కొన్ని వారాల తరువాత ఫిలిప్పీన్స్ నౌకలు వెనుదిరిగాయి. చైనా నౌకలు ఉండిపోయాయి. గట్టు జరిగింది.

2013 జనవరిలో ఫిలిప్పీన్స్ దస్తావేజు బయటికి తీసింది. సముద్ర న్యాయ ఒప్పందం కింద మధ్యవర్తిత్వ న్యాయమండలిని ఆశ్రయించింది. విచారణలో పాల్గొనడానికి చైనా నిరాకరించింది. 2016 జూలై 12న హేగ్ నగరంలో తీర్పు వెలువడింది. తొమ్మిది గీతల లోపలి వనరులపై చారిత్రక హక్కులకు చట్టబద్ధమైన ఆధారం లేదనీ, స్కార్‌బరో వద్ద జాలర్ల సంప్రదాయ వేటను అడ్డుకోవడం న్యాయం కాదనీ న్యాయమండలి తేల్చింది. ఆ దిబ్బ ఎవరిదన్న విషయం మాత్రం తన పరిధిలోనిది కాదు గనుక దాని జోలికి పోలేదు. తీర్పు చెల్లదని చైనా ప్రకటించింది. దానిని అమలు జరిపించే అమీనా ఈ ప్రపంచంలో లేడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి

మరి బలవంతుడైన మిత్రుని ఆశ్రయించరాదా అని మనకు తోచవచ్చు. 1951లోనే అమెరికాతో ఫిలిప్పీన్స్‌కు పరస్పర రక్షణ ఒడంబడిక కుదిరింది. కానీ అమెరికా ఆ దేశాన్ని దాదాపు అర్ధశతాబ్దం పాటు ఏలిన పాత ప్రభువు కూడా. స్వాభిమానం గల జాతి ఆ సంగతిని మరువదు. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ 12-11 ఓట్లతో అమెరికా స్థావరాల కొనసాగింపును తిరస్కరించింది. మరుసటి సంవత్సరం అమెరికా సేనలు వెళ్ళిపోయాయి. 1995లో మిస్చీఫ్ దిబ్బపై చైనా కట్టడాలు వెలిశాయి. 2016లో అధ్యక్షుడైన డుటెర్టే తీర్పును పక్కన పెట్టి చైనాతో మైత్రిని నమ్ముకున్నాడు. సముద్రం మీద ఒత్తిడి తగ్గలేదు. 2022లో వచ్చిన మార్కోస్ జూనియర్ మళ్ళీ అమెరికా వైపు మొగ్గాడు. 2023లో అమెరికా సేనలు వినియోగించుకోగల స్థావరాల సంఖ్య తొమ్మిదికి పెరిగింది. తైవాన్ విషయమై రేపు అగ్రరాజ్యాలు కలియబడితే ఆ స్థావరాలే ముందుగా గురి అవుతాయన్న భయమూ పెరిగింది. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇక్కడ మరొక విడ్డూరం ఉంది. తీర్పును గౌరవించమని చైనాకు హితవు చెప్పే అమెరికా, ఆ సముద్ర న్యాయ ఒప్పందంలో సభ్యదేశం కాదు. 1986లో నికరాగువా వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానం తనకు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పును అది కూడా తలదాల్చలేదు.

ఈ రెండు బలాల నడుమ ఫిలిప్పీన్స్ తన పట్టును ఎలా నిలుపుకుంటోందో చూడాలంటే రెండవ థామస్ దిబ్బ దగ్గరకు వెళ్ళాలి. రెండవ ప్రపంచయుద్ధం నాటి సియెర్రా మాద్రే అనే ఓడను 1999లో అక్కడ కావాలనే మెట్ట ఎక్కించారు. తుప్పుపట్టిన ఆ ఓడలో కొద్దిమంది నావికులు నేటికీ కాపలా ఉంటున్నారు. వారికి తిండి, నీరు చేరవేయడమే ఒక సాహసం. 2024 జూన్ 17న అటువంటి ప్రయాణంలో చైనా తీరరక్షక దళంతో జరిగిన ఘర్షణలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడు బొటనవేలు పోగొట్టుకున్నాడు. మరుసటి నెలలో, సరుకుల చేరవేత వరకు రెండు ప్రభుత్వాలూ తాత్కాలిక అవగాహనకు వచ్చాయి.

మన పెరటి అనుభవం

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ మన బ్రహ్మోస్ క్షిపణుల కొనుగోలుకు సుమారు 37.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో తొలి విడత అక్కడికి చేరింది. అయితే మా దృష్టిలో క్షిపణులకన్న విలువైన కానుక మనం మరొకటి ఇచ్చాము. బంగాళాఖాతంలో సరిహద్దు విషయమై 2009లో బంగ్లాదేశ్ మన మీద ఇదే ఒప్పందం కింద వ్యాజ్యం వేసింది. అక్కడ పెద్ద రైతు మనమే. 2014 జూలైలో వెలువడిన తీర్పు ప్రకారం, వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కింది. భారతదేశం ఆ తీర్పును అంగీకరించింది. నౌకలు ఎదురెదురుగా నిలవలేదు, రక్తపు చుక్క రాలలేదు.

చట్టం బలహీనునికి కవచం అంటారు. ఆ కవచాన్ని నిలబెట్టేది మాత్రం ఓడిపోయినప్పుడు తల వంచగల బలవంతుని సంస్కారమే. ఓటమిని ఒప్పుకున్న మనం చిన్నబోలేదు. 2023లో ఫిలిప్పీన్స్‌తో కలిసి 2016 నాటి తీర్పును పాటించాలని మనం కోరినప్పుడు, ఆ మాటకు బరువు ఇచ్చింది 2014లో మనం నడిచిన నడతే.

మసిన్‌లోక్ జాలరికి తొమ్మిది గీతల పటంతో గాని, అగ్రరాజ్యాల ఎత్తుగడలతో గాని నిమిత్తం లేదు. తాతల నాటి వేటస్థలానికి వెళ్ళి, నీటి ఫిరంగుల భయం లేకుండా చేపలతో ఇల్లు చేరడమే అతను కోరేది. ఆ రోజు వచ్చేవరకు సముద్రానికి గట్టు పడినట్లు కాదు.