నియంత్రిత లోటు నీటిపారుదల

నియంత్రిత లోటు నీటిపారుదల అనునది పండ్ల తోటల సాగులో ఒక పద్ధతి. ఇందులో పంటకాలమంతా చెట్లకు ఒకే విధముగా నీరు పెట్టరు. కాయ పెరుగుదల మందగించిన దశలో ఉద్దేశపూర్వకముగా నీటిని తగ్గించి, కాయ ఊరు దశలో తిరిగి పూర్తిగా అందిస్తారు. ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమునకు చెందిన టాటురా పట్టణములో పీచు, బేరి చెట్లపై రూపొందించారు. తరువాత ఇది ద్రాక్ష, బాదం తోటలకు, అమెరికా, స్పెయిన్ వంటి దేశములకు విస్తరించినది.

నేపథ్యము

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగములోని మర్రీ–డార్లింగ్ నదీ పరివాహక ప్రాంతము విస్తీర్ణము 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఇది ఆ ఖండములో సుమారు ఏడవ వంతు. కెనడాలో జన్మించిన ఛాఫీ సోదరులు 1887లో మర్రీ నది ఒడ్డున మిల్డ్యూరా, రెన్‌మార్క్ సాగు స్థావరములను నెలకొల్పారు. నది నీటిని పంపులతో ఎత్తి పోసి అక్కడ పండ్ల తోటలు పెంచారు.

ఈ ప్రాంతములో వరి, పత్తి కూడా పండుతాయి. నీరు లేని సంవత్సరము ఆ పంటలను వేయకుండా పొలమును బీడుగా వదలవచ్చును. పండ్ల తోటకు ఆ అవకాశము లేదు. చెట్టు కాపుకు రావడానికి కొన్ని ఏళ్ళు పడుతుంది. ఒక్క వేసవిలో ఎండిపోతే అన్ని ఏళ్ళ పెట్టుబడి, శ్రమ నష్టమవుతాయి. అందువలన చెట్టుకు, కాయకు హాని లేకుండా ఎంత నీటిని, ఎప్పుడు తగ్గించవచ్చుననునది ఇక్కడి పరిశోధనలలో ముఖ్యమైన ప్రశ్న అయినది.

పనిచేయు విధానము

టాటురా శాస్త్రజ్ఞుల తొలి ఉద్దేశము నీటి పొదుపు మాత్రమే కాదు. దగ్గర దగ్గరగా నాటిన తోటలలో రెమ్మలు విపరీతముగా పెరిగి కాయలకు నీడ కమ్ముతుండెను. దీనిని అదుపు చేయు మార్గమును వెదకుచు డేవిడ్ చామర్స్, పీటర్ మిచెల్ తదితరులు తమ ఫలితములను 1981 నుండి ప్రచురించారు.

పీచు కాయ మూడు దశలలో పెరుగుతుంది. పూత తరువాత కణములు విభజన చెందుట మొదటి దశ. టెంక గట్టిపడుట రెండవది. ఈ కాలములో కాయ పరిమాణము అంతగా పెరగదు, కాని రెమ్మలు వేగముగా సాగుతాయి. కోతకు ముందు కొన్ని వారములలో కాయ వేగముగా ఊరుట మూడవ దశ. రెండవ దశలో నీటిని తగ్గిస్తే రెమ్మల పెరుగుదల ఆగుతుంది, కాయకు పెద్దగా నష్టము కలుగదు. మూడవ దశలో సరిపడ నీరు అందితే కాయ మామూలు పరిమాణమునకు చేరుతుంది. నీటితో పాటు కొమ్మల కత్తిరింపు పని కూడా తగ్గుతుంది.

వేరు పాక్షికముగా ఆరబెట్టుట

1990వ దశకములో పీటర్ డ్రై, బ్రయన్ లవీస్ అను శాస్త్రజ్ఞులు దక్షిణ ఆస్ట్రేలియాలో ద్రాక్షపై దీనికి దగ్గరైన మరొక పద్ధతిని అభివృద్ధి చేశారు. ఇందులో తీగకు ఒక ప్రక్కన మాత్రమే నీరు పెట్టి, కొన్ని రోజుల తరువాత ప్రక్కను మారుస్తారు. ఆరుతున్న వైపు వేళ్ళలో ఆబ్సిసిక్ ఆమ్లము తయారై ఆకులకు చేరి, పత్రరంధ్రములను కొంతవరకు మూస్తుంది. తడి వైపు వేళ్ళ వలన తీగ వాడిపోదు. అయితే అదే పరిమాణములో నీటిని రెండు ప్రక్కలా పెట్టినప్పటికంటే దిగుబడి గణనీయముగా పెరగలేదని అనేక క్షేత్ర ప్రయోగములలో తేలినది.

నేల తేమను కొలుచుట

నీటిని తగ్గించు రైతుకు వేరు దగ్గర ఎంత తేమ ఉన్నదో తెలియవలెను. ఇందుకు టెన్షియోమీటరు వంటి పరికరములు వాడుకలో ఉన్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ అయిన సీఎస్ఐఆర్ఓకు చెందిన రిచర్డ్ స్టర్జాకర్ "ఫుల్‌స్టాప్" అను గరాటు ఆకారపు పరికరమును రూపొందించారు. దీనిని భూమిలో పాతిపెడతారు. నీరు ఆ లోతుకు చేరగానే పైన సూచిక లేస్తుంది. తరువాత వచ్చిన "కమీలియన్" పరికరము తేమను రంగు దీపములతో చూపుతుంది: నీలము తడికి, ఆకుపచ్చ మధ్యస్థ స్థితికి, ఎరుపు పొడికి గుర్తు. ఇది ఆఫ్రికాలోని చిన్న రైతుల పొలములలో కూడా ఉపయోగపడినది.

పరిమితులు

1997 నుండి 2009 వరకు ఆగ్నేయ ఆస్ట్రేలియాను పీడించిన "మిలీనియం కరువు" ఈ పద్ధతుల విలువతో పాటు హద్దులను కూడా చూపినది.

లవణములు: నీటిని తగ్గించినప్పుడు వేరు ప్రాంతములోని లవణములు క్రిందికి కొట్టుకుపోక అక్కడే పేరుకుంటాయి. మామూలుగా శీతాకాలపు వానలు వాటిని కడుగుతాయి. కరువులో ఆ వానలు కూడా తగ్గుతాయి.

వడగాలులు: పత్రరంధ్రములు మూసుకొన్న ఆకు చల్లబడదు. కావున తీవ్రమైన ఎండలకు ముందుగా నేలను తడిపి ఉంచవలెను. లేనిచో ఆకులు మాడి, కాయలకు ఎండదెబ్బ తగులుతుంది.

నది వాటా: తోటలో మిగిలిన నీరు దానంతట అదే నదికి చేరదు. ఆ నీటితో క్రొత్త తోటలు వేయవచ్చును, లేదా నీటి హక్కుల విపణిలో ఇతరులకు అమ్మవచ్చును. అందువలన నది నుండి తీసుకొను మొత్తము నీటికి కూడా హద్దు అవసరము. 2012లో ఆమోదించబడిన మర్రీ–డార్లింగ్ ప్రణాళిక అటువంటి పరిమితులను నిర్ణయించినది.

ఇవి కూడా చూడండి

బిందు సేద్యము
మర్రీ నది
ఆబ్సిసిక్ ఆమ్లము