ఇంకు లెక్క

1977లో జపాన్‌లోని కేనన్ పరిశోధనశాలలో ఇంకు నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలింది. తగిలిన చోట ఇంకు మరిగి బుడగ కట్టింది. ఆ బుడగ తోపుకి సూది మొన నుంచి ఇంకు చిమ్మింది. అందులోంచే ఇచిరో ఎండో అనే ఇంజనీరు కొత్త రకం ప్రింటర్‌కి దారి తీశారు. కేనన్ దానికి బబుల్ జెట్ అని పేరు పెట్టుకుంది. కొద్దికాలం తేడాతో అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీరు జాన్ వాట్ కూడా విడిగా అదే సూత్రాన్ని పట్టుకున్నారు. 1984లో వచ్చిన ఆ కంపెనీ థింక్‌జెట్ ప్రింటర్‌కి ఇంకు చిమ్మే రంధ్రాలు, అంటే నాజిళ్లు, 12 మాత్రమే.

అందులో ఇంకూ, దాన్ని చిమ్మే హెడ్డూ ఒకే కాట్రిడ్జ్‌లో ఉండేవి. ఇంకు అయిపోతే రెండూ కలిపి పారేయడమే.

ఎప్సన్ దారి వేరు. అక్కడ వేడి లేదు. కరెంటు తగలగానే కదిలే పీజో స్ఫటికం ఇంకును బయటికి నెడుతుంది. ఈ హెడ్ ఖరీదైనది, యంత్రంలోనే ఉండిపోతుంది. ఇంకు పూర్తిగా ఇంకిపోయి లోపలికి గాలి దూరితే, పీజో తోపంతా గాలిని నొక్కడానికే సరిపోతుంది, చుక్క బయటికి రాదు. వేడితో నడిచే హెడ్‌కి ఇంకో ప్రమాదం: దాన్ని చల్లబరిచేది ఇంకే. కాట్రిడ్జ్‌లో కొంచెం మిగిలి ఉండగానే చాలా ప్రింటర్లు పని ఆపేసేది ఇందుకే.

మరి ఇంకు తగ్గిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? చాలా ప్రింటర్లకు నిజంగా తెలియదు. అవి చుక్కలు లెక్కపెట్టుకుంటాయి, అంతే. చుక్క 2 పికోలీటర్లు అనుకుంటే 10 మిల్లీలీటర్ల కాట్రిడ్జ్‌లో 500 కోట్ల చుక్కలు. ప్రింటర్ ఇప్పటిదాకా ఎన్ని చిమ్మిందో నిండు కొలతలోంచి తీసేసి, మిగిలిన అంకెను కాట్రిడ్జ్ చిప్‌లో రాసుకుంటుంది. హెడ్ శుభ్రం చేసుకోవడానికి పీల్చి పారబోసిన ఇంకు కూడా ఈ ఖర్చులోకే వస్తుంది. పెట్రోలు ముల్లు చెడిపోయిన స్కూటర్‌లో కిలోమీటర్లు చూసి పెట్రోలు అంచనా వేసుకున్నట్టే ఇదంతా. కేనన్ కొన్ని కాట్రిడ్జ్‌ల అడుగున పట్టకం కూడా పెట్టింది. ఇంకు ఉన్నంతసేపూ కాంతి అందులోకి పోతుంది. ఖాళీ అయితే పట్టకంలోంచే వెనక్కి తిరిగి సెన్సర్‌ని చేరుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో బట్టీపట్టిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే.

ఈ సంగతి తెలిస్తే హెచ్చరిక చూసి కంగారు పడక్కర్లేదు. ‘తక్కువగా ఉంది’ అంటే కొత్త కాట్రిడ్జ్ కొని పక్కన పెట్టుకోమని. మార్చాల్సింది ‘అయిపోయింది’ అన్నప్పుడు, లేదా ఫొటోలో రంగు తేడా వచ్చినప్పుడు. కొత్తది పెట్టినా హెచ్చరిక పోకపోతే తప్పు ఇంకుది కాకపోవచ్చు. కాట్రిడ్జ్ బయటికి తీసి, చిప్ మీది మెరిసే బిళ్లలను నూలు రాలని పొడిగుడ్డతో తుడిచి, క్లిక్‌మనే దాకా నొక్కాలి. రీఫిల్ చేసిన కాట్రిడ్జ్ అయితే ఇంకు నిండినా చిప్‌లో పాత అంకే ఉంటుంది. చాలా కేనన్ మోడళ్లలో స్టాప్ బటన్‌ను 5 సెకన్లు నొక్కిపట్టుకుంటే ఆ రంగు లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండాల్సింది మనమే. ఇక ఫొటోలో గీతలు పడగానే క్లీనింగ్ మీద క్లీనింగ్ నడపడం అన్నిటికన్నా దండగ పని. ముందు నాజిల్ చెక్ కాగితం తీస్తే ఏ రంగు రావడం లేదో ఖాయంగా తెలుస్తుంది.

ఆరు రంగుల ఫొటో ప్రింటర్‌లో లేత నీలం, లేత మెజెంటా మిగతావాటికన్నా త్వరగా తరిగిపోతుంటాయి. చర్మం రంగులోనూ, ఆకాశంలోనూ ఎక్కువగా పడేవి అవే. నీలం బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసే స్టూడియోలవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

లోపల ఇంకు కనిపిస్తుండగానే యంత్రం అయిపోయిందంటే కొన్నవాడికి ఒళ్లు మండుతుంది. అమెరికాలో ఈ తగువు కోర్టుకెక్కింది. తప్పేమీ చేయలేదంటూనే ఎప్సన్ 2006లో రాజీకి వచ్చింది. ఆసియాలో కోర్టుల కన్నా చేతిపని ముందు నడిచింది. ప్రింటర్ పక్కన సీసాలు పెట్టి, సన్నని గొట్టాలతో హెడ్‌కి ఇంకు అందించే ఏర్పాటు బజారులోకి వచ్చేసింది. 2010లో ఎప్సన్ తనే ట్యాంకు ప్రింటర్‌ను ఇండోనేషియాలో విడుదల చేసింది. మన స్టూడియోల్లో కనిపించే ఎల్ సిరీస్ ఆ వంశానిదే. ట్యాంకులో మట్టం కంటికి కనిపిస్తున్నా చాలా మోడళ్ల లోపల నడిచేది మళ్లీ చుక్కల లెక్కే. పైగీత దాకా ఇంకు పోశాకే రీసెట్ నొక్కాలి. సగం పోసి నొక్కితే యంత్రం నిండిందనుకుని, ట్యాంకు ఎండినా నోరెత్తదు.

ఈ తంటా ఏదీ లేని ఫొటో ప్రింటర్ కూడా ఉంది. కేనన్ సెల్ఫీ లాంటి డై-సబ్లిమేషన్ యంత్రాల్లో చుక్కలుండవు, రంగు పూసిన రిబ్బన్ ఉంటుంది. ప్రతి ఫొటోకీ అందులో కొలిచిన ముక్క జరిగిపోతుంది. పోస్టుకార్డు సైజు రిబ్బన్ క్యాసెట్ ఒకటి పెడితే మామూలుగా 36 ఫొటోలు. పట్టుచీర కట్టిన పెళ్లికూతురి ఫొటో అయినా, మంచు కమ్మిన అరకు లోయ ఫొటో అయినా రిబ్బన్ ఖర్చు ఒక్కటే.