నీళ్లంటే భయమా?

పేతురు గలిలయ సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికినవాడు. దోనె, వల, రాత్రి గాలులు ఆయనకు కొత్త కాదు. పునరుత్థానుడైన యేసుప్రభువు ఒడ్డున నిలబడ్డాడని తెలియగానే, దోనె చేరేదాకా కూడా ఆగకుండా నీళ్లలోకి దూకిన మనిషి ఆయన. ఒడ్డు అక్కడికి రెండు వందల మూరల దూరం (యోహాను 21). అంటే సుమారు 90 మీటర్లు. అంతటి జాలరి కూడా మరో రాత్రి అదే సముద్రం మీద గాలిని చూసి భయపడి మునిగిపోసాగాడని మత్తయి 14వ అధ్యాయం చెబుతోంది. నీళ్లలోనే బతికినవాడి సంగతే ఇలా ఉంటే, ఏనాడూ నీళ్లలో దిగని పసివాడి భయాన్ని చూసి నవ్వడం ఏం న్యాయం?

ఆ వృత్తాంతంలో ఒక వరుస ఉంది. ప్రభువు మొదట చెయ్యి చాపి పేతురును పట్టుకున్నాడు. అల్పవిశ్వాసం గురించి అడిగింది ఆ తర్వాతే. మనం దాన్ని తిరగేస్తాం. ముందు మందలిస్తాం. చెయ్యి మాత్రం ఎప్పటికో అందిస్తాం.

మా రాజంపేట, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో పిల్లలకు నీళ్ల భయం రెండు విధాల పట్టుకుంటుంది. "చెరువు దిక్కు పోయినవంటే కాళ్లు విరగ్గొడత" అని ప్రేమకొద్దీ బెదిరించే తల్లులది ఒక విధం. రెండోది మోటు పద్ధతి. దూకడానికి జంకే పిల్లవాణ్ణి వెనక నుంచి బావిలోకి తోసేసి, ఈత దానంతటదే వస్తుందనడం. కొందరికి వస్తుంది కూడా. రానివాళ్లు మాత్రం ముసలితనం దాకా బావి గట్టున నిలబడలేరు. వెనకటి పెద్దల్లో ఓపికమంతులు అలా చేయలేదు. ఎండిన సొరకాయ బుర్రలో, బెండ్లో, గాలి కొట్టిన ట్యూబో నడుముకు కట్టి, తాడు కొస తమ చేతిలో పట్టుకొని, మెట్ల మీద కూర్చునేవారు. పిల్లవాడి చేతులు కుదురుకున్నకొద్దీ తాడు వదులు చేసేవారు. ఇప్పుడు బోర్లు వచ్చాక బావులు ఎండాయి, కొన్ని పూడిపోయాయి. వాటితోపాటు ఆ వేసవి బడీ పోయింది.

నీళ్లు మాత్రం పోలేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల వాన ఎవరు మరిచిపోగలరు? రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ రాత్రులు చూసిన పిల్లలకు వాన చప్పుడే భయమైతే, అది అల్పవిశ్వాసం కాదు. వరద ఉధృతిలో ఈత వచ్చినవాడు కూడా దిగకూడదు, ఆ మాటా నిజమే. అయితే నీటి బలం ఎంతో ఎరిగి వెనక్కి తగ్గడం వేరు, మోకాలి లోతు కుంటలో జారిపడి బిగుసుకుపోవడం వేరు.

ముంచి బాప్తిస్మమిచ్చే కాపరులమైన మాకు ఈ భయం దగ్గరగా తెలుసు. వాక్యం మీద, ప్రభువు మీద ఏ సందేహమూ లేని విశ్వాసులు కూడా నీళ్లలో నడుము దాకా దిగేసరికి మా మోచేతిని గోళ్లు దిగేలా పట్టుకుంటారు. ఈ భయం ఒక్కటే అడ్డమై బాప్తిస్మాన్ని ఏళ్లతరబడి వాయిదా వేసేవారుంటారు. వారి విశ్వాసాన్ని శంకించడం కాపరి పని కాదు. ముందురోజు వారితోపాటు నీళ్లలో దిగి, ముఖం తడుపుకోవడం, ఊపిరి బిగబట్టడం రెండుమూడుసార్లు చేయిస్తే సగం భయం అక్కడే తీరుతుంది.

శరీరం చెప్పే సంగతి కూడా ఇదే. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి చాలామటుకు తేలతాడు. భయపడ్డవాడు తల పైకెత్తుతాడు, చేతులు పైకి చాస్తాడు. నీటిపైకి లేచిన తల, చేతుల బరువే మిగతా దేహాన్ని కిందికి నెడుతుంది. అందుకే మంచి శిక్షకులు మొదటిరోజు ఈత నేర్పరు. నీళ్లలో ముఖం పెట్టి బుడగలు వదలమంటారు, గట్టు పట్టుకొని కాళ్లాడించమంటారు, వీపు కింద చెయ్యి పెట్టి వెల్లకిలా తేలమంటారు.

సామర్లకోటలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన గోలి శ్యామల నీళ్ల భయం పోగొట్టుకోవడానికే నడివయసులో ఈత మొదలుపెట్టారు. 2021 మార్చి 19న ఆమె శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడి వైపు పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2025 జనవరి మొదట్లో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా రోజుకు కొంత చొప్పున 150 కిలోమీటర్ల సముద్రయాత్ర ముగించారు. అందరం సముద్రాలు ఈదనక్కరలేదు కానీ, నలభై దాటాక భయం పోదనే మాట ఇక చెల్లదు.

ప్రార్థన ఉండగా ఈత ఎందుకని అడిగే విశ్వాసులున్నారు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. ఓడలోని 276 మందిలో ఒక్క ప్రాణమూ పోదని దేవుని దూత పౌలుకు ముందే చెప్పాడు. ఓడ బద్దలైనప్పుడు శతాధిపతి ఈత వచ్చినవారిని ముందు దూకమన్నాడు, మిగిలినవారు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డు చేరారు. దేవుని వాగ్దానం నెరవేరింది ఈ చేతులతోనే, ఈ చెక్కలతోనే! యూదుల తల్మూదులో కూడా తండ్రి కుమారునికి ధర్మశాస్త్రం, ఒక వృత్తి నేర్పాలన్న చోటే ఈత కూడా నేర్పాలన్న రబ్బీల అభిప్రాయం నమోదై ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. బడి వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పడం ఆ సంస్థ సూచించిన నివారణ మార్గాల్లో ఒకటి. వేసవి బైబిలు బడికి పాటలు, కంఠత వాక్యాలు సిద్ధం చేసే సంఘాలు, ఈత బాగా వచ్చిన ఇద్దరు పెద్దలను వెతికి, లోతు తెలిసిన చోట, నడుముకు ట్యూబు కట్టి, ఒక గంట ఇందుకూ కేటాయించవచ్చు. మొరం తవ్విన గుంతల్లో, పూడిక తీసిన చెరువుల్లో మాత్రం వద్దు. అడుగు ఎక్కడ జారుతుందో అక్కడ ఎవరికీ తెలియదు. ఆడపిల్లలను గట్టు మీద బట్టలకు కాపలా కూర్చోబెట్టకండి. ఒక స్త్రీని తోడుంచి వారికి వేరుగా మరో గంట ఇవ్వండి.